లైటు వెలిగితే బ్రేకింగ్ న్యూస్, బీప్ మోగితే క్లిప్పు

రన్‌వే మీద పరిగెత్తుతున్న విమానం ఆగింది. జరిగింది అంతే. టీవీలో మాత్రం ఎర్రటి అక్షరాలు, వెనకాల డప్పులు, ఎక్కడిదో పాత మంటల బొమ్మ, "త్రుటిలో తప్పిన పెను ప్రమాదం!" 2025 జూలై 21న ఢిల్లీ నుంచి కోల్‌కతా వెళ్లాల్సిన ఎయిరిండియా విమానం గంటకు 155 కిలోమీటర్ల వేగం దగ్గర టేకాఫ్ మానుకున్నప్పుడు ఇదే వరస. అంతకు నెల ముందు, జూన్ 19న, హైదరాబాద్ నుంచి తిరుపతి బయల్దేరిన స్పైస్‌జెట్ విమానంలో వెనక సామాన్ల తలుపు లైటు వెలిగి ఆరుతోందని పైలట్లు వెనక్కి తిప్పారు. లోపల గాలి ఒత్తిడి మామూలుగానే ఉంది. మన యాంకర్‌గారి ఒత్తిడే పెరిగింది. అప్పటికి అహ్మదాబాద్ విమాన ఘోరం జరిగి వారమే అయింది కాబట్టి జనం భయపడ్డారంటే అర్థం చేసుకోవచ్చు. ఆ భయాన్ని ప్రకటనల మధ్య నంజుకు తినడమే అర్థం కాదు.

తప్పింది ఏమిటట? లైటు వెలగాలి, వెలిగింది. పైలట్ చూడాలి, చూశాడు. ఆగాలి, ఆగాడు. ఈ లెక్కన తెనాలిలో రేపల్లె రైలు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ప్రత్యేక బులెటిన్ వేయాలి.

సుమారు 3000 టేకాఫ్‌లకు ఒకటి ఇలా ఆగుతుందని బోయింగ్, అమెరికా విమానయాన శాఖ కలిసి 1990ల మొదట్లో తయారుచేసిన శిక్షణ గ్రంథంలో ఉంది. అందులో నాలుగింట మూడొంతులు 80 నాట్లు, అంటే గంటకు 148 కిలోమీటర్లు, దాటకముందే ఆగినవి. అసలు గండం ఆ పైన. వీ-వన్ అనే వేగం దాటాక బ్రేకు తొక్కితే రన్‌వే చాలకపోవచ్చు. ఆగబోయి ప్రమాదాల పాలైన విమానాల్లో సగానికి పైగా ఆ గీత దాటాక ఆగాలనుకున్నవే. అందుకే 80 నాట్లు దాటగానే ఎయిర్‌బస్ కంప్యూటర్ చిన్నాచితకా హెచ్చరికలను తనలోనే దాచుకుని, విమానం పైకి లేచాక బయటపెడుతుంది. ఆ వేగంలో పైలట్ ఆగాల్సినవి కొన్నే: మంట, ఇంజిన్ పోవడం, అలాంటి పెద్ద గొడవలు. కాబట్టి "లైటు వెలిగినా ఎగిరాడంట, కేసు పెట్టాలి" అని టీ కొట్టు దగ్గర తీర్పు చెప్పే పెద్దమనిషి కూడా యాంకర్‌కు తమ్ముడే.

ఇప్పుడు నేల మీదికి వద్దాం. జంపనిలో తెల్లారగట్ల బయల్దేరిన అద్దె కారు గన్నవరం ఎయిర్‌పోర్టుకు పోతోంది. ముందు సీట్లో బాబాయ్.

"అబ్బాయ్, ఆ టింగు టింగు గోలేందిరా?"

"బెల్టు పెట్టుకోలేదుగా బాబాయ్, అందుకే కొట్టుకుంటంది."

"క్లిప్పు లేదా?"

"ఉంది, ఆ డాష్‌బోర్డులో చూడు."

క్లిప్పు అంటే బెల్టు లేకుండా బెల్టు నాలుక మాత్రమే. బొటనవేలంత ఇనుప ముక్క, మీద కారు కంపెనీ బొమ్మ. బకిల్‌లో గుచ్చితే టక్కున పడుతుంది, కారు నమ్మి నోరు మూసుకుంటుంది. తెనాలి దాటి దుగ్గిరాల రోడ్డెక్కాక 80 దగ్గర ఇంకో బీప్. విమానానికి 80 నాట్లయితే కారుకు 80 కిలోమీటర్లు. 2019 జూలై నుంచి కొత్త కార్లలో బెల్టు గంటతో పాటు ఈ బీపూ తప్పనిసరి. 120 దాటితే ఆగకుండా మోగుతుంది. దీనికి క్లిప్పు దొరకదు కాబట్టి పాట సౌండు పెంచుతారు. దారిలో రైల్వే గేటు పడి ఎర్రలైటు వెలిగితే, బండి పడుకోబెట్టి మరీ కింద నుంచి దూరే కుర్రాళ్లను చూసి బాబాయ్ "ప్రాణాలంటే లెక్కలేదు వెధవలకి" అంటాడు, బెల్టు మీద చెయ్యానించి.

ఇదేదో మనూరి తెలివి అనుకుంటే పొరపాటు. ఈ ముక్కల అమ్మకం ఆపండని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో అయిదు పెద్ద ఆన్‌లైన్ దుకాణాలకు ఆదేశాలిస్తే, 13,118 ప్రకటనలు తీసేయాల్సి వచ్చింది. హెచ్చరిక నోరు మూయించడానికి ఇంత పెద్ద సంత! విమానం కంప్యూటర్ కొన్ని లైట్లను కాసేపు ఆపిందంటే ఏది, ఎప్పుడు, ఎంతసేపు అని ఏళ్ల తరబడి లెక్కలు కట్టాకే. బాబాయ్ లెక్క ఒక్కటే, చెవికి చిరాకు.

గన్నవరంలో విమానం కదిలింది, కాస్త పరిగెత్తింది, ఏదో లైటు వెలిగి ఆగింది. దింపేశారు. బాబాయ్ ఇంటికి ఫోన్ చేసి "చచ్చి బతికామే!" అని మొదలుపెట్టాడు. చానల్ వాళ్లకు వీడియో కూడా పంపాడు.

నిజంగా చచ్చినవాళ్ల సంగతి వేరు. 1987 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో 156 మంది, 2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో 154 మంది. రెండు చోట్లా రెక్కల ఫ్లాపులు దించకుండానే టేకాఫ్‌కు పరిగెత్తారు. దించలేదని అరవాల్సిన హారన్ రెండు విమానాల్లోనూ మోగలేదు. మాడ్రిడ్ విమానమైతే అంతకుముందే ఓ ఉష్ణోగ్రత సెన్సర్ తేడా చూపిందని వెనక్కి తిరిగొచ్చింది కూడా. అక్కడ మన చానళ్లు ఉండుంటే ఆ తిరిగి రావడానికే "పెను ప్రమాదం" అని వేసేసి, అసలు బయల్దేరే వేళకు క్రికెట్‌లోకి వెళ్లిపోయేవి.

తిరుగు ప్రయాణంలో బాబాయ్ ముందు సీట్లోనే కూర్చున్నాడు. పైలట్లకు ధైర్యం చాలడం లేదని, చిన్న లైటుకే ఆపేస్తున్నారని మంగళగిరి దాకా చెప్పాడు. క్లిప్పు దాని చోట అది ఉంది.