మూట మోసేవాడి మొర

దసరాకో దీపావళికో ఆదిలాబాద్ గుట్టలు చూసొద్దామని ఇంట్లో మాట పడితే చాలు, కరీంనగర్‌లోని మా ఇంట్లో అటక మీదికి నిచ్చెన లేస్తుంది. కలరా ఉండల వాసనతో స్వెట్టర్లు, మఫ్లర్లు, మంకీ క్యాపులు దిగుతాయి. కింద ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటుంది. అది సాక్ష్యంగా నా ఫిర్యాదును అందరి ముందు పెడుతున్నాను.

మొదటి ముద్దాయి వాతావరణం. అక్టోబర్ నడుమకల్లా నైరుతి రుతుపవనాలు మన దిక్కు నుంచి తప్పుకుంటాయి. పగలంతా నేల మింగిన వేడి, పైన మబ్బు లేక రాత్రికి రాత్రే ఆకాశంలో కలిసిపోతుంది. ఆ మీద ఉత్తరపు పొడిగాలి. చలికాలంలో రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ వణికే ఊళ్లంటూ పేపర్లకెక్కే సిర్పూర్ (యు), గిన్నెధరి ఆ గుట్టల్లోవే మరి. పొద్దున వణికించే చోటే మధ్యాహ్నం చెమటలు పట్టిస్తుంది. గోదావరిఖని దాటేదాకా ఉడుకు, ఆసిఫాబాద్ దాటి కెరమెరి ఘాట్ ఎక్కితే చలి, జైనూర్ చేరేసరికి మళ్లీ ఎండ. విప్పిన ప్రతి స్వెట్టరూ నా భుజం మీదికే వస్తుంది. నేను ఇంటి యజమానినా, బట్టలారేసే దండెమా?

రెండో ముద్దాయి అమెరికాలో ఉండే మా మేనల్లుడు. ‘మామా, పొరలు పొరలుగా వేసుకోవాలె’ అని ఫోన్‌లో పాఠం చెప్పాడు. లోపల చెమటను పట్టుకోకుండా ఆరిపోయే పల్చటి బట్ట, దాని మీద వేడిని పట్టి ఉంచే ఉన్ని, పైన గాలినాపే జాకెట్. నూలు బనీను వద్దట. చెమటకు తడిస్తే తొందరగా ఆరదు, పొద్దుగూకినాక ఒంటికి అంటుకుని వణికిస్తుందట. పిలగాడు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ మా ఇంట్లో ఆ పొరలు ఒంటికి కాదు, సంచికి వేశారు. ఉన్నివి అడుగున, వాటి మీద చెద్దర్లు, అన్నిటికీ పైన సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే కుంటాల దగ్గర, తుంపర్లకు తడిసి ‘స్వెట్టర్ తియ్యి’ అంటే తవ్వి తవ్వి తీశాను. ఎడమచేతి పొడుగునా తొక్కు నూనె! ‘సలిపెడ్తే నన్ను అనొద్దు’ అని మూట కట్టిన మా ఆవిడ, నూనె సంగతి మాత్రం నన్నే అంది.

దీపావళి రోజుల్లో గోండుగూడేల్లో దండారి పండుగ చూడండి. అందులో ఆడే గుస్సాడీల తల మీద నెమలి ఈకల టోపీ, భుజాన మేకతోలు, ఒంటికి బూడిద. అంతే! ఈ ఆటకే మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మూడు పొరల్లో మేము ముడుచుకుని నిలబడితే, చొక్కా లేని మనిషి డప్పు దెబ్బకు చెమటలు కక్కుతూ ఎగురుతున్నాడు. ఆయన జాకెట్ కోసం వెతికినట్టు నాకైతే కనిపించలేదు.

మన గొల్లకుర్మల గొంగడి మాత్రం ఏం తక్కువ? కప్పుకుంటే చలి ఆగుతుంది, తల మీద వేస్తే వాన ఆగుతుంది, పరిస్తే పడక. ఇదే మాట ఇంట్లో అంటే, ‘ఫొటోలల్ల గొంగడి మంచిగుండది నాయినా’ అని మా బిడ్డ కొట్టిపారేసింది.

కనుక నా డిమాండ్లు ఇవి. ఎవరి స్వెట్టర్ వాళ్లే మోయాలి. ఉన్నివి పైన, తొక్కు వేరే సంచిలో పెట్టాలి. ఎవరేమన్నా ఒక గొంగడి కారెక్కాలి. చివరగా, వీటి మీద ఇంట్లో ఓటింగ్ పెట్టొద్దు. అన్ని ఓట్లూ అటు పక్కనే ఉన్నాయి, ఇటు ఉన్నది ఒక్క మూటే.