కుడితి తొట్టిలో కొత్తిమీర

హైదరాబాద్ శివారు విల్లాల్లో ఎద్దుల సామానంతా కనిపిస్తోంది, ఒక్క ఎద్దు తప్ప. బండి చక్రం నిమ్మగడ్డి మడికి కంచె అయింది. కాడిమానుకు వేలాడే కుండీల్లో పుదీనా. గుమ్మం పక్కన రాతి కుడితి తొట్టి, అందులో కొత్తిమీర. దీన్ని అలంకరణ అన్నారో, యజమానికి కోపం వస్తుంది. పర్యావరణ సేవ అనాలి.

రైతు వీటిని ఎందుకు వదిలించుకున్నాడో మాత్రం ఎవరూ అడగరు. 2012తో పోలిస్తే 2019 పశుగణన నాటికి దేశంలో మగ పశువులు దాదాపు 30 శాతం తగ్గిపోయాయి. ట్రాక్టరు వచ్చింది, మేత ప్రియమైంది, కాడెద్దులను సాకడం తలకు మించిన భారమైంది. కొట్టం ఖాళీ అయ్యాక తొట్టి కాళ్లకు అడ్డం. పాతసామాన్లవాడు ఎంతిస్తే అంతే. అదే బండ ఔటర్ రింగు రోడ్డు దాటేసరికి వారసత్వ సంపద అయిపోతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఆ తొట్టిని ఒకసారి దగ్గరగా చూడండి. ఏళ్లతరబడి పశువుల మెడలు రాసుకుని అంచు నున్నబడి ఉంటుంది. అడుగున కన్నం ఉండదు. కుడితి కారిపోకూడదు కదా! మొక్కకేమో నీరు నిలవకూడదు. కన్నం వేయించకపోతే వేళ్లు కుళ్లి కొత్తిమీర పసుపెక్కుతుంది, తిట్లు మాత్రం విత్తనాలమ్మినవాడికి.

దాన్ని మిద్దె ఎక్కిస్తే కథ మరీ రంజుగా ఉంటుంది. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 ప్రమాణం లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు మందాన తడిసిన మట్టే 400 కిలోలు దాటుతుంది. రాయి బరువు వేరే.

పొలం నుంచి వచ్చిందల్లా పవిత్రమే అన్న నమ్మకం కుండీలుగా మారే పాత డ్రమ్ముల దగ్గరికొచ్చేసరికి ప్రాణాంతకం. ఖాళీ పురుగుమందు డబ్బాలను మళ్లీ ఎవరూ వాడకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ తేలింది. ఆ నూనె పోసింది పురుగుమందు డబ్బాలోనని అప్పట్లో వార్తలొచ్చాయి. అయినా డ్రమ్ము ఏ గోదాము నుంచి వచ్చిందో అడక్కుండానే సగానికి కోయించి, రంగులేసి, పాలకూర చల్లి, సేంద్రియం అని మురిసిపోయేవాళ్లున్నారు.

అసలైన పునర్వినియోగం చూడాలంటే పల్లెకే వెళ్లాలి. పగిలిన కాగులో గోంగూర, పాత చీరలతో కట్టిన దడి మీద బీరతీగ. దానికి ఫొటోలు తీసేవాడూ లేడు, బేరమాడేవాడూ లేడు.

కూరగాయలే కావాలనుకుంటే నర్సరీలో గ్రో బ్యాగులు చవకగానే దొరుకుతాయి. కాదు, డ్రమ్మే కావాలంటే అందులో ఇదివరకు ఏముండేదో అమ్మేవాణ్ణి అడగండి. అతను నీళ్లు నమిలితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.