స్పీకరు పెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

తే.గీ.
ఒక్క కోనులో స్వరములన్నొదుగు ననుచు
చెక్క పెట్టెలో దూదిని చేర్చి మూసి
కొద్ది ఖర్చుతో గంధర్వ గోష్ఠి వినును
ఇల్లెఱుంగును వాని పాట్లెల్ల నిజము

అవతారిక: హై-ఫై స్పీకర్ల మీద ఆశ, జేబు మీద భయం సమపాళ్లలో ఉన్న గృహస్థుడికి కవి ఫుల్ రేంజి మార్గాన్ని ఉపదేశిస్తున్నాడు. వూఫరు, ట్వీటరు, ఆ రెంటికీ స్వరాలు పంచిపెట్టే క్రాసోవరు అనే త్రిమతాన్ని కాదని, అన్నీ ఒకే స్పీకరు పాడుతుందనే అద్వైతం ఇది.

ప్రతిపదార్థం: ఒక్క కోనులో = నాలుగంగుళాల కాగితపు కోను ఒక్కదానిలోనే; స్వరములు + అన్ని = మంద్రం మొదలు తారం దాకా; ఒదుగును + అనుచు = ఇముడుతాయని చెప్పుకుంటూ; చెక్క పెట్టెలో = 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు లేదా ఎండీఎఫ్ పెట్టెలో; దూదిని చేర్చి = పాత దిండు విప్పి తీసిన పాలిస్టరు పీచును కూరి; మూసి = ఫెవికాల్ పూసి, గాలి చొరకుండా బిగించి; కొద్ది ఖర్చుతో = (దీని సంగతి కింద చూడుడు); గంధర్వ గోష్ఠి = ఘంటసాల మొదలైనవారి గానాన్ని; వినును = వింటాడు; ఇల్లు = ఇంట్లోవాళ్లు; ఎఱుంగును = ఎరుగుదురు; వాని పాట్లు + ఎల్ల = అతగాడి అవస్థలన్నీ; నిజము = పాదపూరణం.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: పద్యంలో కర్త లేడేమని విద్యార్థులు అడుగుతారు. ఉన్నాడు, బాల్కనీలో ఎమెరీ పేపరు రుద్దుతున్నాడు. అందుచేత అధ్యాహారం చేసుకోవాలి.

శంక: రెండు స్పీకర్లు పంచుకునే పని ఒక్కటి ఎలా చేస్తుంది?

సమాధానం: పూర్తిగా చేయదు. కవి ఘటికుడు. 'ఒదుగును' అని ఊరుకోలేదు, 'ఒదుగుననుచు' అన్నాడు. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా వింటుంది. అంటే 17 మీటర్ల తరంగం మొదలుకొని 17 మిల్లీమీటర్ల తరంగం దాకా. స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అంతే బిగ్గరగా వినపడటానికి కోను నాలుగింతలు ముందుకూ వెనక్కూ కదలాలి. నాలుగంగుళాల కోనుకు అంత ఆయం లేదు. పై కొసన మరో చిక్కు. అక్కడ తరంగం కోను వెడల్పు కంటే చిన్నదైపోతుంది కనక శబ్దం నలుదిక్కులా పరుచుకోకుండా తిన్నగా ఎదురుగానే పోతుంది. సోఫా నడుమ కూర్చున్నాయనకు తాళాలు గణగణమంటే చివర కూర్చున్నావిడకు గణ మాత్రమే ముడుతుంది.

మళ్లీ శంక: అయితే ఈ మార్గం దేనికి?

సమాధానం: గొంతు కోసం. రెండు స్పీకర్ల పెట్టెల్లో క్రాసోవరు సాధారణంగా 2,000 - 3,000 హెర్ట్జ్ మధ్య ఎక్కడో గీత గీస్తుంది. మన చెవి మహా సున్నితంగా ఉండేది కూడా ఆ దాపులోనే. గాయకుడి గొంతులో సగం ఒక కోను నుంచి, సగం మరో కోను నుంచి వస్తే వాటిని అతకడానికి మంచి ఇంజనీరు కావాలి, మంచి ఇంజనీరుకు మంచి ధర కావాలి. ఫుల్ రేంజిలో ఆ అతుకే లేదు. హరిదాసు ఒక్కడే కథ చెప్పి, పద్యం పాడి, చిరుతలు మోగించి, గజ్జె కట్టి ఆడతాడు. నాటకం కంపెనీ హంగు ఆయన దగ్గర దొరకదు, కానీ మాటా పాటా ఒకే నోటి నుంచి వస్తాయి.

'చెక్క పెట్టెలో': శాస్త్రమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. తీగచుట్టతో కదిలే కోను స్పీకరును 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు లోకానికి చూపించారు. దానికి ఎంత పెట్టె కట్టాలో లెక్కగట్టి చెప్పే సూత్రాలు మాత్రం 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల తొలినాళ్లలో రిచర్డ్ స్మాల్ ఇచ్చేదాకా స్థిరపడలేదు. ఈ మునిద్వయం చెప్పిన మూడు అంకెలు స్పీకరు కాగితం మీద ఉంటాయి. ఎఫ్ఎస్ అంటే కోను తనంత తాను ఊగే స్వరం. వాస్ అంటే కోను వేలాడే బిగువుకు సరితూగే గాలి ఎన్ని లీటర్లో ఆ లెక్క. క్యూటీఎస్ అంటే ఊగినది ఎంత త్వరగా ఊరుకుంటుందో చెప్పే అంకె.

ఉదాహరణ: క్యూటీఎస్ 0.5, వాస్ 8 లీటర్లు, ఎఫ్ఎస్ 80 హెర్ట్జ్ అనుకుందాం. మూసిన పెట్టెలో బిగించాక ఆ క్యూ అంకె 0.707 రావాలంటే పెట్టె సరిగ్గా 8 లీటర్లుండాలి. అప్పుడు 80 కాస్తా 113 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది, ఆ కింద మృదంగం ఎడమవైపు క్రమంగా సన్నగిల్లుతుంది. ఇది పెట్టె వేసే పన్ను. 8 లీటర్లే కదా అని అన్ని వైపులా 20 సెంటీమీటర్ల ఘనం కట్టేవారున్నారు. కట్టకూడదు. మూడు జతల గోడల మధ్యా ఒకే స్వరం, సుమారు 857 హెర్ట్జ్, నిలిచి మోగి ప్రతి పాటకూ తన శ్రుతి కలుపుతుంది. లోపలి వెడల్పు 16, లోతు 20, ఎత్తు 25 పెడితే అదే 8 లీటర్లు, మోతలు మాత్రం మూడు చోట్లకు చెదిరిపోతాయి. ప్లైవుడ్డు ముక్కలు కోయించేది దుకాణంలోనే కోయించుకోండి. వాళ్ల రంపం తిన్నగా పోతుంది, మన రంపం మన మనసు పోయినట్టు పోతుంది.

'దూదిని': నిజమైన దూది కాదు. అది ఉండకట్టి అడుక్కు దిగుతుంది, పురుగు పడుతుంది. పాలిస్టరు పీచు కోను వెనక పుట్టిన శబ్దాన్ని మింగడమే కాక, పెట్టె కాస్త పెద్దదైనట్టు నటింపజేస్తుంది. ఇంటికి వచ్చిన చుట్టాల దిండు మాత్రం ముట్టుకోవద్దు.

'మూసి': లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకోవచ్చని 1954లో ఎడ్గర్ విల్చర్ నిరూపించాడు. స్ప్రింగుకు చిల్లు ఉండకూడదు. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య సంధి కలపలేదని లాక్షణికులు తప్పు పడతారు. పద్యంలో విసంధిని పెద్దలు క్షమిస్తారు, పెట్టెలో గాలి క్షమించదు. కోనును నాలుగు వేళ్లతో అంచు వైపు మెల్లగా నొక్కి వదలండి. నింపాదిగా పైకొస్తే మూసినట్టు. టక్కున లేస్తే సందు ఎక్కడో ఉంది, మళ్లీ ఫెవికాల్ డబ్బా తీయండి.

'కొద్ది ఖర్చుతో': కోఠి గుజరాతీ గల్లీలో దొరికే స్పీకర్ల గురించి ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగాలి. డబ్బా మీద వేల వాట్ల పీఎంపీఓ అని ఉంటే అది శాస్త్రం కాదు, స్తోత్రం. చూడవలసిన అంకె సెన్సిటివిటీ. ఒక వాటుకు, మీటరు దూరంలో 88 డెసిబెల్సు ఇచ్చే స్పీకరు రెండు వాట్లకు 91, నాలుగు వాట్లకు 94 ఇస్తుంది. పది పన్నెండు వాట్లిచ్చే టీడీఏ 2030 ఆంప్లిఫయరు బోర్డు ఒక గదికి చాలా ఎక్కువ.

క్రాసోవరు డబ్బు మిగిలిందని మురిసేవారికి ఒక మాట. పైన చెప్పిన పెట్టె ముందు పలక బయటి వెడల్పు 19.6 సెంటీమీటర్లు. దాదాపు 600 హెర్ట్జ్ కింద శబ్దం పలకను దాటి వెనక్కి పారి, క్రమంగా 6 డెసిబెల్సు దాకా పలచబడుతుంది. దీన్ని సరిదిద్దడానికి ఒక కాయిలు, దానికి సమాంతరంగా ఒక రెసిస్టరు పెట్టమంటారు. అంటే వీధి గుమ్మంలోంచి పంపిన ఖర్చు పెరటి గుమ్మంలోంచి వచ్చింది. పేదవాడి ఉపాయం పెట్టెను గోడకు దగ్గరగా జరపడం. గోడ కొంత మంద్రాన్ని తిరిగి ఇస్తుంది, ఉచితంగా. నాకు ఇదే నచ్చుతుంది.

పాఠాంతరం: రెండో పాదం 'మట్టి కుండలో దూదిని చేర్చి మూసి' అని కొందరు చదువుతారు. యతి చెడింది కనక త్యాజ్యం. శబ్దం మాత్రం చెడదు. గుండ్రని ఒంటికి పదును అంచులు ఉండవు. రకరకాల ఆకారాల పెట్టెలు పోల్చి చూసిన హ్యారీ ఓల్సన్‌కు గోళంలోనే స్వరం అన్నిటికంటే నునుపుగా వచ్చింది. కుమ్మరి దగ్గర సరిపడే మూతి దొరికితే ఛందస్సును పక్కన పెట్టండి.

'ఇల్లెఱుంగును': ఇల్లు ఎరగడమేమిటి? గంగలో గొల్లపల్లె అన్నట్టు ఇది లక్షణ. ఎండీఎఫ్ పొడి పప్పుడబ్బాలోకి చేరిన సంగతి, చరణం దాటనివ్వకుండా ఒకే పాట వారంగా మోగుతున్న సంగతి ఇంట్లోవాళ్లు ఎరుగుదురని భావం. ఎండీఎఫ్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు, అది అలంకారం కాదు. రెండు పెట్టెలూ ఒకేసారి మోగించేముందు ఒకటిన్నర వోల్టు బ్యాటరీని తీగలకు క్షణం తాకించండి. ప్లస్సుకు ప్లస్సు తగిలితే కోను బయటికి రావాలి. రెంటిలో ఒకటి తిరగబడితే మంద్రం మంద్రాన్ని తినేస్తుంది, తప్పు స్పీకరుదని దుకాణదారుతో తగవు పడతారు.

అలంకారం: 'గంధర్వ' దగ్గర అతిశయోక్తి. 'కొద్ది ఖర్చు' దగ్గర కూడా, కొంత.

అధికారి: ఘంటసాల పద్యాలు, వీణ, వేణువు, రేడియో నాటకాలు వినేవారు ఈ పద్యానికి అధికారులు. సినిమా పాటలో డ్రమ్ము గుండెకు తగలాలనేవారు దీన్ని కంఠస్థం చేయనక్కర్లేదు, ఎనిమిదంగుళాల వూఫరు కొనుక్కోండి.