వ్యానప్రస్థం

వెనకటికి పిల్లల పెళ్ళిళ్ళూ మనవల అక్షరాభ్యాసాలూ అయ్యాక పెద్దవాళ్ళు వానప్రస్థం అనేవారు. దానికి కావలసిన సామాను నారబట్టలు, ఒక కమండలం, వస్తానంటే భార్య. ఇప్పటి మగవాడు రిటైరయ్యే వేళకి ఆ మాటకి యవత్తు తగిలించాడు. వ్యానప్రస్థం! అంటే వ్యానునే ఇల్లుగా మార్చుకుని ఊళ్ళు తిరగడం. చేరింది ఒక్క వత్తే గానీ, దాని వెనక వచ్చిన సామాను మాత్రం మేడ మీద గది నిండా ఉంది.

ఈ జాతి మనిషిని పోల్చుకోవడం తేలిక. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతుర్ని చూడడు, క్యాటరింగు వాళ్ళ వ్యాను ఎత్తు చూస్తాడు. లాడ్జిలో దిగితే మంచం కింద ఎంత జాగా వృథా అయిందో జానలతో కొలుస్తాడు. పర్సు మర్చిపోతాడేమో గానీ జేబులో కొలతల టేపు మరవడు.

మా అక్క మొగుడు, అంటే మా బావగారు, ఈ జాతిలో మొదటి రకం. బెజవాడలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వీడ్కోలు సభలో శాలువా కప్పుతుంటే ఆయన దాని మందం వేళ్ళతో నలిపి చూశారు. అందరూ కదిలిపోయారనుకున్నారు. వ్యాను గోడల్లో వేడి ఆపడానికి పనికొస్తుందా అని ఆయన ఆలోచన.

ఇక బ్యాటరీ. బ్యాటరీ ఎంపిక ఎనిమిది నెలలు సాగింది. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోల పైమాటే. పైగా మాటిమాటికీ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే బరువు సగం, ఉన్న కరెంటంతా దాదాపు అడుగంటా వాడుకోవచ్చు. 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 2,560 వాట్ అవర్లు.

"అంటే ఎన్ని యూనిట్లండీ?" అంది అక్క, పోపులో ఆవాలు వేస్తూ.

"రెండున్నర."

"యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా, పదిహేను రూపాయల కరెంటు దాచుకోడానికా ఇంత డబ్బు తగలేస్తున్నారు?"

బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు లోన్ల లెక్కలు చూసిన మనిషి, ఆ లెక్కకి మాత్రం జవాబు చెప్పలేకపోయారు.

తరవాత భోజనాల బల్ల మీద పద్దు రాయడం మొదలైంది. ఫ్రిజ్ 50 వాట్లు, రోజులో సగంసేపు ఆడుతుంది. ఫ్యాను, దీపాలు, ఫోన్లు. అక్క తన వంతుగా మిక్సీ, ఇండక్షన్ పొయ్యి చేర్చింది. బావగారి మొహం పాలిపోయింది. ఇంట్లో 230 వోల్టుల మీద 1,800 వాట్ల పొయ్యి ఎనిమిది ఆంపియర్లు కూడా లాగదు. అదే పొయ్యికి 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ 150 ఆంపియర్లు లాగాలి. అందుకు బొటనవేలంత లావు రాగి కేబులు కావాలి.

"ఇడ్లీకి పచ్చడి లేకుండా నేనెక్కడికీ రాను" అని అక్క తేల్చి చెప్పింది. కేబులు వచ్చింది.

"అయిదు కిలోల చిన్న సిలిండర్ పెట్టేసుకోవచ్చుగా బావగారూ?" అన్నాను నేను, బుద్ధి తక్కువై.

"వంటగ్యాసు గాలికంటే బరువోయ్. లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. అది పోవడానికి వ్యాను అడుగున కన్నం పెట్టాలి. కన్నం పెడితే చీమలొస్తాయి. చీమలకి ఏం చేస్తావ్?"

ఆ రోజు నుంచి మూడు వారాలు చీమల మీద పరిశోధన జరిగింది.

సోలార్ ప్యానెళ్ళు కొన్నాక ఇంకో సంగతి బయటపడింది. వాటికి ఎండ కావాలి గానీ వేడి పనికిరాదు, ప్యానెల్ కాగేకొద్దీ కరెంటు తగ్గుతుంది. బెజవాడలో ఎండనీ వేడినీ విడదీసిన మొనగాడు ఇంకా పుట్టలేదు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. పైగా మంచుదేశాల వాళ్ళ వీడియోలు చూసి డీజిల్ హీటర్ కూడా తెప్పించారు. మే నెలలో వచ్చిన ఆ పెట్టెని చూసి కొరియర్ కుర్రాడు సైతం జాలిపడ్డాడు. "లంబసింగిలో జనవరి తెల్లవారుజాము ఎలా ఉంటుందో మీకు తెలీదు" అన్నారు బావగారు. నిజమే, మాకు తెలీదు. ఆయనా వెళ్ళలేదు.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని ఆటోనగర్ తీసుకెళ్ళారు. లారీ బాడీలు కట్టడంలో తలపండిన మేస్త్రి ఆయన ఇచ్చిన పద్నాలుగు కాగితాల కొలతలు ఓపిగ్గా చూశాడు. మంచం ఎక్కడ మడవాలో, వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోల బరువు కాబట్టి ట్యాంకు ఇరుసుకి దగ్గరగా ఎందుకుండాలో, అన్నీ విన్నాడు. ఆఖర్న బీడీ ఆర్పి, "అంతా బానే ఉంది సార్. బండేదీ?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. బండి లేదు. రెండున్నరేళ్ళుగా బండి ఇంకా కొననే లేదు!

"తొందరపడకూడదు" అన్నారు బావగారు. "1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ముందు అవన్నీ తేలాలి." భగవద్గీత శ్లోకాలు రావు గానీ ఆయనకి ఈ సెక్షన్ కంఠతా వచ్చు.

పక్కనే ఒక లారీ డ్రైవరు టైరు నీడలో పొయ్యి పెట్టుకుని చారు కాస్తున్నాడు. సీటు వెనక బల్ల మీద దుప్పటి, తాడు మీద ఆరేసిన చొక్కా, నీళ్ళ క్యాను. నాగపూర్ నుంచి వచ్చాట్ట, రాత్రికి కలకత్తా బయల్దేరతాట్ట. బావగారు ఆ కేబిన్ని కళ్ళార్పకుండా చూసి, "నీ బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లు?" అని అడిగారు.

"తెలీదు సారూ. హారన్ మోగుతోంది" అన్నాడు అతను, చారులో ఉప్పు చూస్తూ.

ఇంటికొచ్చాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం అక్క ముగ్గు డబ్బా పట్టుకుని డాబా ఎక్కారు. 11 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుతో వ్యాను గీశారు. మంచం, సింకు, పక్కన తలుపు, అన్నీ అసలు కొలతలతోనే.

రోహిణీ కార్తెలో ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ పేలి వీధంతా చీకటైంది. బావగారి మొహం మాత్రం వెలిగింది. బ్యాటరీ, ఫ్రిజ్, ఫ్యాను డాబా మీదికి చేరాయి. ఎదురింటివాళ్ళు ఫోన్లు చార్జింగుకి ఇచ్చి వెళ్ళారు. చల్లటి మజ్జిగ వచ్చింది. ముగ్గు లోపలే చాపలు పరిచారు. నేను గ్లాసు కోసం గీత దాటబోతే, "అది గోడ! తలుపు ఇటు" అని అరిచారు. గీత తొక్కకుండా చుట్టూ తిరిగి తలుపులోంచి వచ్చిన మొదటి మనిషి మా అక్క.

పడుకున్నాక అక్క నక్షత్రాల వంక చూస్తూ, "ఏ ఊరొచ్చామండీ?" అంది.

"గండికోట" అన్నారాయన తడుముకోకుండా.

కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. నిద్ర పడుతుండగా టార్చి లైటు మొహం మీద పడింది. బావగారు మోకాళ్ళ మీద కూర్చుని నా పాదాల దగ్గర టేపు పట్టి చూస్తున్నారు.

"నీ కాళ్ళు వెనక తలుపులోంచి అరడుగు బయటికొచ్చాయి" అన్నారు. "పన్నెండడుగుల బండి చూడాలి. లెక్క మళ్ళీ మొదటికొచ్చింది."

ఆ గొంతులో ఎంత సంతోషమో!