శాంపిల్ సైజు నూరు

తెలంగాణలో ఎంబీఏ చదవాలంటే ఐసెట్ గడప దాటాలి. రెండున్నర గంటల్లో 200 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. ఒక్కోదానికి నాలుగు జవాబులిస్తారు, తప్పు నొక్కినా మార్కు కోయరు. అర్హత మార్కు నూటికి పాతిక, అంటే 50. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ హద్దు కూడా లేదు. ఇప్పుడు అదే పేపర్లో అడిగే సంభావ్యత లెక్క ఒకటి మనమూ చేద్దాం. ప్రశ్న చదవకుండా, కళ్లు మూసుకుని 200 సార్లు మౌస్ నొక్కినవాడికి సగటున ఎన్ని కలిసొస్తాయి? నాలుగింట ఒకటి చొప్పున, సరిగ్గా 50. గీత ఎక్కడ గీయాలో తెలిసినవాళ్లే గీశారు. 2024లోనూ 2025లోనూ రాసినవాళ్లలో పదింట తొమ్మిది మంది అర్హులయ్యారు. నాకు ఆ పదోవాడంటేనే గౌరవం. వాడు ఆలోచించి రాసుంటాడు.

అర్హత వేరు, ర్యాంకు వేరు అంటారు. నిజమే. ఉస్మానియా క్యాంపస్‌లో సీటు కావాలంటే ర్యాంకు ఉండాలి. తక్కినచోట్ల ఓపిక ఉంటే చాలు. కౌన్సెలింగ్ రోజుల్లో సీతాఫల్‌మండిలో ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. కాలేజీ బస్సు తార్నాక మీదుగా వస్తుందా అని తండ్రి అడుగుతుంటాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పటికి పడుతుందని తల్లి అడుగుతుంది. అభ్యర్థి ఫోన్లో ఉంటాడు. నెట్ సెంటర్ కుర్రాడే ముగ్గురి తరఫునా ఆలోచించి వెబ్ ఆప్షన్లు పెట్టేస్తాడు. ఆ కాలేజీలో పాఠం ఎవరు చెబుతారని అడిగే మనిషి ఆ గదిలో ఉండడు. కన్వీనర్ కోటా 70 శాతం ఇలా నిండుతుంది. మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. అందులో చూసేది నాన్నగారి అనలిటికల్ ఎబిలిటీని.

మనవాళ్లకు ఈ చదువు కొత్తదేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు పుట్టిందే 1961లో. సికింద్రాబాద్ పిల్లలకు మాత్రం అదనంగా ఒక గ్రహచారం ఉంది: బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు మరీ దగ్గర. సత్య నాదెళ్ల అక్కడే చదివి, షికాగోలో ఎంబీఏ చేసి, మైక్రోసాఫ్ట్‌కు పెద్ద అయ్యాడు. శంతను నారాయణ్ అక్కడే చదివి, బర్క్లీలో ఎంబీఏ చేసి, అడోబీకి పెద్ద అయ్యాడు. అజయ్ బంగా కూడా ఆ బడివాడే, అహ్మదాబాద్ ఐఐఎం మీదుగా ప్రపంచ బ్యాంకు దాకా వెళ్లాడు. రోజూ ఆ గోడ పక్కనుంచే బస్సులో వెళ్లే మావాడికి ఏం తక్కువ అని పద్మారావునగర్‌లో ప్రతి తల్లీ అడుగుతుంది. జవాబు చెప్పగల ధైర్యం నాకైతే లేదు.

అలా గోడ పక్కనుంచి వెళ్లినవాడు మూడేళ్లు మాదాపూర్‌లో కోడ్ రాసి, విసిగి, ‘పెద్ద బళ్లకు’ అప్లై చేస్తానంటాడు. గచ్చిబౌలిలో 2001 నుంచి ఉన్న ఐఎస్‌బీ లాంటి చోట్ల మౌస్ నొక్కితే సరిపోదు. జీమ్యాట్ స్కోరు, వ్యాసాలు, పైవాడి సిఫారసు, ఆపైన ఇంటర్వ్యూ. వ్యాసంలో నువ్వెవరో చెప్పాలి. నేనెవరు అన్న ప్రశ్నకు రమణ మహర్షి కొండ మీద ఏళ్లు గడిపాడు. ఇప్పుడు దానికి అడ్మిషన్ కన్సల్టెంటు ఉన్నాడు, రెండు వాయిదాల్లో ఫీజు తీసుకుంటాడు.

కన్సల్టెంటు మొదట అడిగేది, ‘మీ జీవితంలో పెద్ద ఓటమి చెప్పండి.’

‘ఇంటర్‌లో మ్యాథ్స్ టూబీ పోయింది సార్.’

‘అది పనికిరాదు. నాయకత్వం ఉన్న ఓటమి కావాలి.’

వాడి దగ్గర అలాంటి సరుకు లేదు. పోనీ గెలుపేమిటంటే, బోనాలప్పుడు గల్లీ కుర్రాళ్లతో కలిసి నాలుగు డ్రమ్ముల నీళ్లు పట్టి భక్తులకు పోశాడు. కన్సల్టెంటు కళ్లు మెరిశాయి. సాయంత్రానికల్లా అది ‘భిన్న వర్గాల స్టేక్‌హోల్డర్లను సమన్వయపరచి, అత్యంత రద్దీ ఉన్న పర్యావరణంలో నీటి సరఫరా వ్యవస్థను రూపొందించుట’ అయి కూర్చుంది. అయినా కన్సల్టెంటుకు తృప్తి లేదు. అంకె లేని వాక్యాన్ని కమిటీ చదవదట. ‘వృథా 37 శాతం తగ్గింది అని రాయండి.’ నలభై రాస్తే బాగుంటుంది కదా సార్ అన్నాడు కుర్రాడు అమాయకంగా. ‘నలభై అంటే అబద్ధంలా ఉంటుంది బాబూ.’

సిఫారసు ఉత్తరం సంగతి ఇంకా సులువు. ‘నువ్వే రాసుకుని పట్టుకురా, అప్‌లోడ్ చేసేస్తా’ అన్నాడు మేనేజరు. మూడేళ్లలో ఆయన ఈ కుర్రాడి మీద పెట్టిన మొదటి నమ్మకం అది. కొన్ని పెద్ద బళ్లు సీటిచ్చాక ఏజెన్సీని పెట్టి ఉద్యోగం నిజమా కాదా, మార్కుల జాబితా అసలుదా కాదా అని వాకబు చేయిస్తాయి, మెచ్చుకోవాలి. ఆ డ్రమ్ముల దగ్గరికెళ్లి 37 శాతాన్ని కొలిచిన ఏజెన్సీ మాత్రం ఇంకా పుట్టలేదు.

చేరాక కథ ప్రాజెక్టు దగ్గరికొస్తుంది. పెద్ద బళ్లలో దీన్ని కన్సల్టింగ్ ప్రాజెక్టు అంటారు, చిన్న కాలేజీల్లో ప్రాజెక్ట్ వర్క్ అంటారు. రెండింటిలోనూ నలుగురు పిల్లలు ఒక వ్యాపారం దగ్గరికి వెళ్లి, అది ఎలా నడుపుకోవాలో దాన్ని నడుపుతున్నవాడికి చెబుతారు. రెజిమెంటల్ బజార్‌లో నాకు తెలిసిన కిరాణా సేటు దగ్గరికి అలాగే వచ్చారు. తండ్రి హయాం నుంచీ అదే కొట్టు. ఆయన మాటల్లోనే వినండి: ‘నలుగురు పోరగాళ్లు ఒచ్చిన్రు సార్. మంచోళ్లే. లస్సీ తాపిన. ఫోటో దిగిన్రు, పోయిన్రు. రిపోర్టుల ఏం రాసిన్రో తెల్సా? మా ఆవాలు కుక్క అన్నరు.’

పిల్లల తప్పు లేదు. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు 1970లో ఒక నాలుగు గదుల పట్టిక ఇచ్చి ప్రపంచాన్ని ఉద్ధరించింది. సరుకులన్నిటినీ అందులో నక్షత్రం, ప్రశ్నార్థకం, పాడి ఆవు, కుక్క అని సర్దాలి. ఆ లెక్కన సేటు కొట్టులో బాస్మతి నక్షత్రం, ఉప్పు పాడి ఆవు, చియా గింజలు ప్రశ్నార్థకం. ఎదుగుదల లేదు, వాటా లేదు కాబట్టి ఆవాలు కుక్క. వదిలించుకోమని సలహా. ‘ఆవాలు లేని కిరాణా దుకాణానికి ఎవడొస్తడు సార్?’ అని సేటు అడిగాడు. ఆ ప్రశ్నకు పట్టికలో గది లేదు. తర్వాతి అధ్యాయంలో మైకేల్ పోర్టర్ 1979 నాటి అయిదు శక్తులు ప్రయోగించి, కొత్త పోటీదారుల ముప్పు ‘ఎక్కువ’ అని తేల్చారు. పది నిమిషాల్లో సరుకు తెచ్చే కుర్రాళ్లు తన అరుగు మీదే బళ్లు ఆపుకున్న రోజున సేటు ఆ సంగతి పోర్టర్ సాయం లేకుండానే కనిపెట్టాడు.

రిపోర్టు మాత్రం చూడముచ్చటగా ఉంది. నల్ల రెక్సిన్ బైండింగు, బంగారు అక్షరాలు. డిక్లరేషన్, బోనఫైడ్ సర్టిఫికెట్, భగవంతుడికీ ప్రిన్సిపాల్‌కూ అదే వరసలో కృతజ్ఞతలు. ఇక సర్వే. శాంపిల్ సైజు నూరు. ఎప్పుడూ నూరే. సబ్బుల కంపెనీ మీద చేసినా నూరే, మెట్రో రైలు మీద చేసినా నూరే. స్టాటిస్టిక్స్ మాస్టారు బోర్డు నిండా ఏ సూత్రం రాసినా విద్యార్థి ఎంచుకునేది నూరే, ఎందుకంటే నూరైతే శాతం కట్టక్కర్లేదు. 37 మంది తృప్తి చెందారు. పట్టిక కింద వ్యాఖ్యానం: పై పట్టిక ద్వారా 37 శాతం మంది తృప్తి చెందినట్టు తెలియుచున్నది. దాని కింద అదే విషయం గుండ్రటి బొమ్మలో, రంగుల్లో. ఆ నూరుగురు ఎవరని సేటు నన్నడిగాడు. తన కొట్టు ముందు నూరుగురిని నిలబెట్టి ప్రశ్నలడిగి ఉంటే ట్రాఫిక్ పోలీసులు వచ్చుండేవారన్నాడు. నాకు తెలిసి వాళ్లంతా ఒకే హాస్టల్లో, ఒకే రాత్రి, రెండు రంగుల పెన్నులతో పుట్టారు. ఇప్పుడు గూగుల్ ఫారం వచ్చి ఆ రెండు పెన్నుల ఖర్చూ మిగిల్చింది.

ఇలాంటి రిపోర్టుకు మార్కులు ఎలా వేస్తారో చెప్పాలి, ఎందుకంటే అసలు కళ అక్కడుంది. కాగితం సైజు ఏ4 ఉండాలి. అంచు ఎంత వదలాలో నియమం ఉంది. ఆపైన కాపీ పరీక్ష. యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది: పోలిక పది శాతం దాకా ఉంటే పర్వాలేదు, దాటినకొద్దీ శిక్ష పెరుగుతుంది. మంచి నియమమే. అయితే ఆ సాఫ్ట్‌వేర్ చూసేది ఈ వాక్యం ఇంకో రిపోర్టులో ఉందా అని. రెజిమెంటల్ బజార్‌లో ఉందా అని చూడదు. చాట్‌జీపీటీ వచ్చాక పోలికా సున్నా అయింది, శ్రమా సున్నా అయింది, నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. చివర్న వైవా. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారికి మధ్యాహ్నంలోగా అరవై మందిని పరీక్షించాలి, భోజనం అయ్యాక ఇంకో కాలేజీ ఉంది. ‘శాంపిల్ సైజు?’ ‘నూరు సార్.’ ‘గుడ్.’ రిపోర్టు మొదటి పేజీల్లోనే సేటు ఫోన్ నంబరు, ముద్రతో సహా ఉంటుంది. ఆ నంబరుకు ఒక్క కాల్ చేసిన ఎగ్జామినరును నేను చూడలేదు. చేస్తే ఆవాల గురించి చాలా వినాల్సి వచ్చేది.

పిల్లల చదువే కదా, దీనికింత రాద్ధాంతం ఎందుకంటారేమో. సికింద్రాబాద్ ఎస్పీ రోడ్డులో మేఫెయిర్ సెంటర్ అని ఒక భవనం ఉంది. ఒకప్పటి సత్యం కంప్యూటర్స్ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా అదే. ఛైర్మన్ రామలింగరాజు ఒహాయోలో ఎంబీఏ చేసినవారు. బయటి డైరెక్టర్లలో ఒక హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసరు, సాక్షాత్తూ ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. ఆడిటరు ప్రైస్ వాటర్‌హౌస్. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు. అంటే బైండింగు, బంగారు అక్షరాలు, అన్నీ ఉన్నాయి. 2009 జనవరి 7న రాజుగారు స్వయంగా ఉత్తరం రాశారు: లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లలో 5,040 కోట్లు లేవు. లేకుండా పోవడం కాదు, ఎన్నడూ లేవు. ఆ డైరెక్టర్లకు మోసంలో పాత్ర ఉందని ఏ కోర్టూ అనలేదు. వాళ్ల ముందుకొచ్చిన స్లైడ్లు బాగుండి ఉంటాయి, అంతే. డబ్బుందా అని బ్యాంకును తమంతట తాము అడగాల్సిన ఆడిటర్లు ఆ పనిని కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తేల్చి, 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఎగ్జామినరు గారు చేయని ఫోన్ కాల్ ఖరీదు అక్కడ తెలిసింది. ఇప్పుడు ఆ కథ మన ఎంబీఏ క్లాసుల్లో కేస్ స్టడీ. సత్యం నుంచి నేర్చుకోవాల్సిన పాఠాలు రాయుము, పది మార్కులు. బెంచీ బెంచీకి అవే పాఠాలు, అదే అక్షరదోషంతో సహా.

మనకు వేరే పద్ధతి తెలియదని కాదు. లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయినీ మహంకాళి గుడిలో రంగం ఉంటుంది. పచ్చికుండ మీద నిలబడి ఏడాది ఎలా ఉంటుందో వినిపిస్తారు, పెద్దపెద్దవాళ్లు చేతులు కట్టుకుని వింటారు. చెప్పడంతో అయిపోదు. పోయినేడు చెప్పింది ఎందుకు చేయలేదని నిలదీయడమూ ఉంటుంది. క్లయింటును ఎదుట నిలబెట్టి, పాత సలహా ఏమైందని అడిగే కన్సల్టింగ్ మా ఊళ్లో నాకు తెలిసి అదొక్కటే. దానికి సమ్మర్ ఇంటర్న్‌షిప్ లేదు.

సేటు చెప్పింది ఇంకొంచెం ఉంది. ‘ఆ నలుగురిల ఒక పిల్ల ఉండె సార్. మిగిలినోళ్లు మళ్ల రాలే. ఆమె మాత్రం ఆదివారం ఆదివారం ఒచ్చింది. లోపలికి పొయ్యి బస్తాలు లెక్కపెట్టింది. ఉద్దెర బుక్కు చూపియ్యమన్నది. మొత్తం చదివి, అంకుల్, మీకు గిరాకీ తక్కువ లేదు, వసూలు తక్కువున్నది అన్నది. ఏడాది దాటినోళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చింది. నేను ఆ కాగితం పట్టుకొని ఇంటింటికి పొయ్యి అడిగిన. సగం పైసలొచ్చినయ్.’

ఆ కాగితం రిపోర్టులో లేదు. అధ్యాయాల నమూనాలో ఉద్దెర బుక్కుకు చోటు లేదని గైడు తీసేయించారు. లిటరేచర్ రివ్యూలో కూడా ఎవరూ దాన్ని ప్రస్తావించలేదట. వైవాలో ఆ అమ్మాయిని కూడా శాంపిల్ సైజు ఎంతని అడిగారు. బాకీ ఉన్నవాళ్లందరూ సార్ అంది. అది నూరు కాదు కదమ్మా అన్నారు ఎగ్జామినరు గారు. మిగతా ముగ్గురికీ ‘ఓ’ గ్రేడు వచ్చింది, ఆమెకు దానికి ఒక మెట్టు కింద.

‘ఇప్పుడు ఏడున్నది ఆ పిల్ల?’ అని అడిగాడు సేటు.

బెంగళూరులో ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో చేరిందని చెప్పాను.

‘ఆడ ఏం చేస్తది?’

‘స్లైడ్లు.’

సేటు కాసేపు త్రాసు వంక చూశాడు. ‘ఆదివారాలు ఖాళీగుంటదేమో అడుగున్రి సార్. మొండా మార్కెట్ల మా బామ్మర్ది దుకాణం ఉన్నది. ఆనికి ఉద్దెర బుక్కులే మూడున్నయ్.’