హరిత సేవా ప్రవేశిక: ఖమ్మం – భద్రాచలం అడవి అంచు ఔత్సాహికులకు

ప్రకృతిని కాపాడాలన్న కోరిక సాధారణంగా జూన్ 5న, అంటే ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు పుట్టి, జూలైలో మొక్కలు నాటే వేడుకలు ముగిసేసరికి పూర్తిగా తీరిపోతుంది కాబట్టి, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా సాగే అడవి అంచున ఈ సేవకు పూనుకునే ఔత్సాహికుడు ముందుగా నేర్వవలసింది వృక్షశాస్త్రం కాదు, క్యాలెండరు చూడటం. మొక్కను నాటేది వానాకాలంలో, అది ఎండిపోయేది మరుసటి వేసవిలో. ఈ రెండింటికీ మధ్య ఎనిమిది తొమ్మిది నెలల ఎడం ఉండటం, అప్పటికి బ్యానరు చిరిగి ఎవరి పశువుల కొట్టం మీదికో చేరడం పరిరక్షకులకు బాగా కలిసివచ్చే విషయాలు.

చట్టం కూడా ఔత్సాహికుడి పక్షానే ఉంది. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచే లక్ష్యంతో, 230 కోట్ల మొక్కల ప్రణాళికతో 2015 జూలై 3న మొదలైన హరితహారం పథకానికి (2024లో ఇది వన మహోత్సవంగా మారింది) దన్నుగా వచ్చిన 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతాన్ని బతికించే పూచీని సర్పంచి మీద, పంచాయతీ కార్యదర్శి మీద పెట్టింది. గుంత తీసేది ఉపాధి హామీ కూలీలు, నీళ్లు పోసేది పంచాయతీ ట్యాంకరు, బతక్కపోతే సంజాయిషీ చెప్పేది కార్యదర్శి. ఇక ఔత్సాహికుడికి మిగిలేది మొక్క మొదట్లో చెయ్యి ఆనించి కెమెరా వైపు చూడటం ఒక్కటే. ఒక మొక్క మీద పన్నెండు చేతుల వరకు ఆనించవచ్చు, అంతకు మించితే మొక్క ఫోటోలో కనబడదు.

ఏ మొక్క నాటాలన్నది సున్నితమైన ప్రశ్న. ఇప్ప, తునికి, నల్లమద్ది వంటి ఇక్కడి చెట్లు నెమ్మదిగా పెరుగుతాయి, అంత ఓపిక వార్షిక నివేదికలకు ఉండదు. దేశంలో అడవుల విస్తీర్ణాన్ని ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టే భారత అటవీ సర్వేక్షణ సంస్థ, ఒక హెక్టారుకు తగ్గకుండా ఉండి పది శాతమైనా చెట్ల నీడ పరుచుకున్న ఏ నేలనైనా, అది ఎవరిదైనా, అందులో ఉన్నది ఏ చెట్టయినా, అటవీ విస్తీర్ణంలోకే చేరుస్తుంది. ఈ నిర్వచనం వల్ల సారపాక కాగితపు మిల్లు అవసరాలకు వరుసలు తీసి పెంచే జామాయిల్ తోట (జామాయిల్ అంటే యూకలిప్టస్‌కు ఈ జిల్లాల్లో వాడుక పేరు) గాని, అశ్వారావుపేట వైపు ఆయిల్‌పామ్ తోట గాని, కిన్నెరసాని అభయారణ్యం గాని ఆకాశం నుంచి చూస్తే సోదర సమానాలే. 1977లో ఏర్పడి, 635 చదరపు కిలోమీటర్లలో విస్తరించిన ఆ అభయారణ్యంలోని దుప్పులకు, అడవిదున్నలకు ఈ నిర్వచనాన్ని ఎవరూ వివరించలేదు కాబట్టి అవి మాత్రం ఇంకా తేడా పాటిస్తున్నాయి.

ఈ మార్గంలో ఔత్సాహికుడికి ఎదురయ్యే పెద్ద ఇబ్బంది దరిపల్లి రామయ్య. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన ఈయన, ఊరంతా వనజీవి అని పిలుచుకున్న మనిషి, వేసవిలో చెట్ల కింద రాలిన గింజలు ఏరి, సంచుల్లో దాచి, తొలకరికి సైకిలు మీద మోసుకుపోయి దారుల పక్క, కాలువ గట్ల మీద నాటేవాడు. మెడలో నినాదం రాసిన పలక వేసుకుని తిరిగేవాడు. భార్య జానమ్మ ఆ పనిలో తోడు నిలిచింది. 2017లో పద్మశ్రీ వచ్చాక కూడా పని మానకపోవడం ఆయన పద్ధతిలోని ప్రధాన లోపం, ఎందుకంటే పురస్కారం అనేది పనికి ముగింపు అని తెలిసిన రంగంలో అది అపశ్రుతి. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూసిన తరువాత ఔత్సాహికుడి దారి సుగమమైంది. ఇప్పుడు విగ్రహం అడగవచ్చు, ఏటా వర్ధంతి జరపవచ్చు, ఆయన స్ఫూర్తితో అంటూ ప్రసంగాన్ని మొదలుపెట్టవచ్చు. చేయకూడనిది ఒక్కటే: వేసవి మధ్యాహ్నం గింజలు ఏరడం. ఆ పనికి చేతిలో ఒక గోనెసంచి తప్ప బడ్జెట్టు అక్కర్లేదు, బడ్జెట్టు లేని పనికి కమిటీ వేయడం కుదరదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో అడవి అంటుకుంటుంది. ఇప్పపువ్వు ఏరుకునేవారు చెట్టు కింది ఎండుటాకులు కాల్చి నేలను శుభ్రం చేసుకోవడం, బీడీలకు వాడే తునికాకు లేతగా చిగురిస్తుందన్న నమ్మకంతో పొదలకు నిప్పు పెట్టడం, దారినపోయేవాడు బీడీ పారేయడం ఇందుకు కారణాలు. నిప్పు పాకకుండా అటవీ శాఖ ముందుగానే గీతలా ఆకు అలము తొలగించి ఉంచే పట్టీని ఫైర్‌లైన్ అంటారు. ఫైర్‌లైన్ ఊడ్చే రోజున చేతులు కావాలి, ఎండలో నాలుగు గంటలు వంగి పని చేయాలి. అందుకే ఆ రోజున ఔత్సాహికుడు ఖమ్మం వెలుగుమట్ల అర్బన్ పార్కులో సీతాకోకచిలుకల మీద అవగాహన నడక పెట్టుకోవడం మంచిది. ఇప్పచెట్ల కింద పరుచుకునే వలలు గిరిజన కుటుంబాలకు అందితే నిప్పుతో పని తగ్గుతుందని, తునికాకు కల్లంలో (కల్లమంటే యాభై ఆకుల కట్టలు లెక్కపెట్టి కొనే చోటు) ధర నిలకడగా ఉంటే తొందరపాటు తగ్గుతుందని ఎవరైనా అంటే, అది ఆర్థిక విషయమని, పర్యావరణం కాదని మర్యాదగా తప్పించుకోవాలి.

పోడు గురించి మాట్లాడేటప్పుడు ఆవేశం తప్పనిసరి. అడవిలో ఒక తావును నరికి, కాల్చి, రెండు మూడేళ్లు విత్తి, మళ్లీ పెరగడానికి వదిలేసి ఇంకో చోటికి జరిగే సేద్యాన్ని పోడు అంటారు. గోదావరి కొండల్లోని కొండరెడ్ల పోడును మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లోనే గ్రంథస్థం చేశాడు. జరగడానికి చోటు మిగలక ఆ సేద్యం ఇప్పుడు ఒకేచోట నిలిచిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుల భూమికి హక్కు ఇవ్వాలంది. తెలంగాణలో 2023లో సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాలు పంచారు. ఔత్సాహికుడు ఈ తేదీలు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఎకరం పోడును చూస్తే కడుపు రగలాలి, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిని చూస్తే మాత్రం 1980 అటవీ సంరక్షణ చట్టం కింద వచ్చే అనుమతి, పోయిన అడవికి బదులు వేరేచోట నాటే ప్రత్యామ్నాయ వనీకరణ గుర్తుకు వచ్చి కడుపు చల్లబడాలి. పోడు భూముల వివాదంలో 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. ఆ విషయం ఎగతాళికి లొంగేది కాదు. పట్నంలో కూర్చుని ఇరుపక్షాలనూ ఎగదోసినవారిలో ఎవరికీ చిన్న గాయమైనా కాలేదని మాత్రం నమోదు చేయవలసి ఉంది.

ఈ అడవుల్లోని కోయ గిరిజనుల పండుగలకు వెళ్లవచ్చు, తలకు కొమ్ములు కట్టుకుని ఆడే కొమ్ము నృత్యం ఫోటోల్లో బాగా వస్తుంది. కొత్తల పండుగ చేయనిదే కొత్త పంట ముట్టరాదని, మామిడి పండుగ కాకముందు కాయ కోయరాదని వారికున్న కట్టుబాటు కాయకు ముదిరే గడువు ఇస్తుంది. ఆ కట్టుబాటుకు ఫోటో ఉండదు.

భద్రాచలంలో గోదావరి తీర శుభ్రత కార్యక్రమం చేపట్టేవారు చేతి తొడుగులతోపాటు ఒక రాజకీయ పటం వెంట తెచ్చుకోవాలి. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు పట్టణం తెలంగాణలో మిగిలి, దాన్ని ఆనుకున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు అవతలి రాష్ట్రంలో చేరాయి. శ్రీరామనవమికి వచ్చే భక్తజనం వదిలిన సీసాలు, విస్తళ్లు ఏరి సంచులకెత్తడం దాకా భక్తి సరిపోతుంది. ఆ సంచులు ఎక్కడ పోయాలన్న ప్రశ్న దగ్గర సరిహద్దు అడ్డం వస్తుంది. ఏరిన చెత్తను గట్టు మీదే అందంగా పేర్చి రావడం మధ్యేమార్గం. మిగతాది వరద చూసుకుంటుంది: 2022 జూలైలో నది ఇక్కడ 71 అడుగులు దాటి ఏ రాష్ట్రపు చెత్త ఏదన్న భేదం లేకుండా చేసింది.

చివరగా గ్రామసభ. అడవుల పరిరక్షణలో ప్రజల్ని భాగస్వాములను చేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వచ్చిన వన సంరక్షణ సమితులు అటవీ శాఖ చెంత నడిచే సంఘాలు కాగా, అటవీ హక్కుల చట్టం నేరుగా గ్రామసభకే, అంటే ఊరి వయోజనులందరి సమావేశానికే, తమ అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది. హక్కుల విషయం తీర్మానించే సభకు కనీసం సగం మంది హాజరు కావాలి, వచ్చినవారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఔత్సాహికుడు అక్కడికి వెళ్లకపోవడమే శ్రేయస్కరం. ఆ సభలో అతనికి ఓటు ఉండదు, మైకు ఉండదు, మాట సగం కోయ భాషలో సాగుతుంది. చెట్టు కింద చాప మీద రెండు మూడు గంటలు కూర్చుని, ఏ వాగు ఎండింది, ఏ గుట్ట మీద వెదురు నరికారు, ఎవరి మేకలు ప్లాంటేషన్‌లో పడ్డాయి అన్నది వినడం తప్ప చేయడానికి మరేమీ ఉండదు. కొందరు ఉద్యోగులు, ఉపాధ్యాయులు పొరపాటున అలా వెళ్లి, మరుసటి వేసవిలో ఫైర్‌లైన్ ఊడ్చే రోజున కూడా కనిపించడం ఉంటుంది. అలాంటివారికి ఈ ప్రవేశిక ఏ విధంగానూ ఉపయోగపడదు.