పూలకైతే ఓకే!

పదో తరగతి జీవశాస్త్రం. మందార పువ్వును నిలువునా కోయించి, కేసరాలు లెక్కపెట్టించి, బొమ్మ వేయించిన మాస్టారు మనుషుల వంతు రాగానే గొంతు సవరించుకుంటారు: "మిగతాది ఇంటి దగ్గర చదువుకోండి."

ఇంట్లో ఎవరు చెబుతారట?

2007లో మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరు చెప్పి బడుల్లో లైంగిక విద్యను ఆపేశాయి. అత్యవసర గర్భనిరోధక మాత్ర మాత్రం అప్పటికే చీటీ లేకుండా దుకాణాలకెక్కింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 5.8 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. ఆంధ్రాలో 12.6!

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి, మూసీ దాటితే పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రి. నడుమ మందుల షాపులు. మాత్ర ఎప్పుడు, ఎలా వేసుకోవాలో చెప్పే పంతులుగిరీ కౌంటర్ కుర్రాడిదే. పాపం, అతని గొడవంతా చిల్లర గురించే.